తారీఖు తమ చేతిలో పెట్టుకున్న ఇద్దరు



పిల్లి అరుపులతో ఒక ఆల్బమ్ మొత్తం తయారైందంటే నమ్మబుద్ధి కాదు. కానీ తయారైంది. 2014 సెప్టెంబరులో అమెరికాకు చెందిన ఇద్దరు ర్యాప్ గాయకులు తమ రెండో ఆల్బమ్‌కు ముందస్తు బుకింగులు తెరిచారు. ఇంత కడితే రికార్డు, ఇంకొంచెం వేస్తే టీషర్టు అంటూ మొదలైన ఆ పట్టిక కిందికి పోయేకొద్దీ వేళాకోళంలో పడింది. నలభై వేల డాలర్లు కట్టేవాళ్లు ఎవరైనా ఉంటే, వాద్యాలన్నీ తీసేసి పిల్లుల అరుపులతో ఆల్బమ్ మొత్తం మళ్లీ చేసి ఇస్తాం అని రాశారు. ఎవరు కడతారులే అన్న ధైర్యం వాళ్లది. ఒక అభిమాని ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైటులో ఆ పని కోసమే ఖాతా తెరిచాడు. చూస్తుండగానే 65 వేల డాలర్లు దాటిపోయింది.

నవ్వులాటకు అన్నాం, వదిలేయండి అనొచ్చు. అనలేదు. మాసివ్ అటాక్ బృందం నుంచి ఒకరు, పోర్టిస్‌హెడ్ బృందం నుంచి ఒకరు, జస్ట్ బ్లేజ్, ప్రిన్స్ పాల్ లాంటి పేరున్న సంగీతకారులు తలా ఒక చెయ్యి వేశారు. మ్యావ్‌లు, గుర్రుగుర్రులు, బుస్సులు, చీత్కారాలు అన్నీ పోగేసి, తాళం కట్టి, 2015 సెప్టెంబరులో "మ్యావ్ ది జ్యువెల్స్" పేరుతో వదిలారు. వచ్చిన డబ్బు తాము ఉంచుకోలేదు. పోలీసుల చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న ఎరిక్ గార్నర్, మైకేల్ బ్రౌన్ కుటుంబాలకు ఇస్తామని ప్రకటించారు.

ఈ ఒక్క ముచ్చటలో రన్ ది జ్యువెల్స్ అనే జంట గుణమంతా కనిపిస్తుంది. వెక్కిరింత ఉంది, మాట మీద నిలబడడం ఉంది, వీధిలో జరుగుతున్నదాని మీద కన్ను ఉంది. ఇవన్నీ తమ ఇష్టప్రకారం చేసుకోగలిగే వెసులుబాటు కూడా ఉంది. ఆ వెసులుబాటు వాళ్లకు ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి పాటల వ్యాపారంలో దెబ్బలు తిన్నాక వచ్చింది.

ఇద్దరూ 1975లో పుట్టినవాళ్లే. ఒకరు మార్చిలో, ఒకరు ఏప్రిల్‌లో. ఒకరిది న్యూయార్క్, ఒకరిది అట్లాంటా. ఒకరు తెల్లవారు, ఒకరు నల్లవారు.

న్యూయార్క్ మనిషి అసలు పేరు జైమీ మెలీన్. పాటల లోకంలో ఎల్‌పీ. బ్రూక్లిన్‌లో పుట్టాడు, తండ్రి జాజ్ పియానో వాయించేవాడు. ఇరవై ఏళ్లయినా నిండకముందే స్నేహితులతో కలిసి కంపెనీ ఫ్లో అనే బృందం కట్టాడు. వాళ్ల 1997 నాటి ఆల్బమ్ "ఫన్‌క్రషర్ ప్లస్" స్వతంత్ర హిప్ హాప్‌కు ఒక మైలురాయిగా నిలిచింది. పెద్ద కంపెనీల సాయం మాకు అక్కర్లేదని, రేడియోలో చదవడానికి వీల్లేని ఒక బూతుమాట జోడించి మరీ వాళ్లు నినాదం పెట్టుకున్నారు. చమత్కారం ఏమిటంటే, ఆ ఆల్బమ్‌ను విడుదల చేసిన రాకస్ సంస్థకు మొదట్లో పెట్టుబడి అందించినవారిలో జేమ్స్ మర్డోక్ ఉన్నాడు. అంటే పత్రికల సామ్రాట్టు రూపర్ట్ మర్డోక్ కొడుకు. స్వతంత్రం అని అరిచిన గొంతుకు మైకు వచ్చింది ఆ డబ్బుతో. తర్వాత ఎల్‌పీ ఆ సంస్థతో తెగతెంపులు చేసుకున్నాడు.

తర్వాత తనే సొంత లేబుల్ పెట్టాడు. పేరు డెఫినిటివ్ జక్స్. 2000ల తొలి ఏళ్లలో ఎక్కడా చోటు దొరకని వింత గొంతులకు అదే చిరునామా. కానిబల్ ఆక్స్ చేసిన "ది కోల్డ్ వెయిన్", ఏసాప్ రాక్ చేసిన "లేబర్ డేస్" 2001లో అక్కడి నుంచే వచ్చాయి. కానీ లేబుల్ నడపడమంటే పాట కట్టడం కాదు. లెక్కలు, గోదాములు, బకాయిలు, పది మంది కళాకారుల అలకలు. పైగా ఇంటర్నెట్ వచ్చి సీడీ అమ్మకాలను మింగేసింది. 2008లో అతని ఆప్తమిత్రుడు, అదే లేబుల్ గాయకుడు కామూ టావ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. 2010లో ఎల్‌పీ లేబుల్‌కు తాళం వేశాడు.

ఇక అట్లాంటా మనిషి. మైకేల్ రెండర్, అందరూ పిలిచే పేరు కిల్లర్ మైక్. పేరు విని భయపడనక్కర్లేదు, మైకు పడితే ఎదుటివాణ్ణి నిలవనివ్వడని వచ్చిన పేరు అది. అట్లాంటా అంటే మనవాళ్లకు కొత్త ఊరు కాదు, దాని ఉత్తరపు శివార్లలో ఆల్ఫరెట్టా, కమ్మింగ్ వైపు వేల తెలుగు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. మైక్ పెరిగింది మాత్రం నగరానికి పడమట, నల్లవారి పేటల్లో, అమ్మమ్మ చేతుల మీద. తండ్రి పోలీసు ఉద్యోగి. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పని పడుతుంది.

మైక్‌కు అదృష్టం తొందరగానే తలుపు తట్టింది. అప్పట్లో అట్లాంటాకే కాదు, అమెరికాకే పెద్ద పేరైన అవుట్‌కాస్ట్ జంట అతన్ని చేరదీసింది. వాళ్లతో కలిసి పాడిన "ది హోల్ వరల్డ్" పాటకు 2003లో గ్రామీ వచ్చింది. అదే ఏడు కొలంబియా అనే దిగ్గజ కంపెనీ అతని తొలి ఆల్బమ్ "మాన్‌స్టర్" వేసింది. అక్కడితో బండి ఆగింది. రెండో ఆల్బమ్ తయారైంది కానీ కంపెనీల మధ్య పేచీల్లో పడి అనుకున్నట్టు బయటికి రాలేదు. గాయకుడు పాడాడు, రికార్డింగ్ అయింది, టేపు బీరువాలో ఉంది. విడుదల ఎప్పుడంటే జవాబు చెప్పేవాడు లేడు. పాట పాడినవాడికి ఆ పాట మీద హక్కు లేని ఈ దుస్థితి చాలా మంది కళాకారులకు అనుభవమే. మైక్ దాని నుంచి బయటపడి, చిన్న చిన్న సొంత ఆల్బమ్‌లతో నెట్టుకొచ్చాడు. 2011లో భార్యతో కలిసి అట్లాంటాలో మంగలి షాపు తెరిచాడు. అది సరదాకు పెట్టింది కాదు, సంసారం గడవడానికి పెట్టింది.

వీళ్లిద్దరినీ కలిపింది ఒక కార్టూన్ చానల్ ఉద్యోగి. అట్లాంటాలోనే కార్టూన్ నెట్‌వర్క్ కార్యాలయం ఉంది. రాత్రిపూట పెద్దల కోసం అది నడిపే అడల్ట్ స్విమ్ విభాగంలో పనిచేసే జేసన్ డిమార్కోకు ఇద్దరి పాటలూ ఇష్టం. మైక్ కొత్త ఆల్బమ్‌కు ఎల్‌పీ ఒకటి రెండు బాణీలు కడితే బాగుంటుందని పరిచయం చేశాడు. ఒకటి రెండు అనుకున్నది ఆల్బమ్ మొత్తమైంది. 2012 మే 15న "ఆర్.ఏ.పీ. మ్యూజిక్" వచ్చింది. అందులో రొనాల్డ్ రీగన్ పాలన మీద, ఆ కాలపు మాదకద్రవ్యాల యుద్ధం నల్లవారి వీధులను ఏం చేసిందన్నదాని మీద ఉన్న పాట ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. సరిగ్గా వారానికి, మే 22న, ఎల్‌పీ సొంత ఆల్బమ్ "క్యాన్సర్ ఫర్ క్యూర్" వచ్చింది. రెండింటికీ మంచి పేరు రావడంతో కలిసి ఊళ్లు తిరిగారు. ఒకే స్టేజీ మీద రాత్రి తర్వాత రాత్రి నిలబడితే స్నేహం ముదురుతుంది, లేదా తెగుతుంది. వీళ్లది ముదిరింది.

2013లో ఇద్దరికీ ముప్పై ఎనిమిదేళ్లు. ర్యాప్ కుర్రాళ్ల ఆట. ఆ వయసుకు చాలా మందికి పాత పాటలతో జ్ఞాపకాల కచేరీలు చేసుకోవడమే మిగులుతుంది. వీళ్లు మాత్రం సరదాగా పది పాటలు కట్టి, కొత్త జంటగా పేరు పెట్టుకుని, జూన్ 26న ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఉచితంగా.

జంట పేరుకు మూలం ఎల్.ఎల్. కూల్ జే పాత పాటలో ఒక పలుకు. ఒంటి మీది నగలు తీసివ్వు అని దారి దోపిడీగాడు గద్దించే వీధి మాట అది. గుర్తు కూడా అలాంటిదే. రెండు చేతులు: ఒకటి తుపాకీలా చూపుడువేలు చాపింది, రెండోది బిగించిన పిడికిలి, ఆ పిడికిట్లో బంగారు గొలుసు. ఈ బొమ్మ ఎంత పాకిందంటే, 2015లో మార్వెల్ కామిక్స్ వాళ్లు తమ పుస్తకాల అట్టల మీద డెడ్‌పూల్, హవర్డ్ ది డక్ పాత్రల చేత అదే భంగిమ పెట్టించారు. కచేరీకి వచ్చిన జనంలో వేల చేతులు అదే ముద్ర పట్టి లేస్తాయి. ఒక సంస్థ కోట్లు పోసినా అంత సులభంగా రాని వ్యాపార చిహ్నం ఇది.

ఉచితం సంగతి కొంచెం విప్పి చూడాలి. కంపెనీ పద్ధతిలో గాయకుడికి ముందు అడ్వాన్సు ఇస్తారు. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చు, ప్రచారం ఖర్చులో పెద్ద భాగం అతని ఖాతాలోనే రాస్తారు. అమ్మకాల్లో అతనికి రావలసిన వాటాలోంచి ఆ బాకీ తీరేదాకా చేతికి ఒక్క డాలర్ రాదు. అసలు పాట మీద హక్కు కంపెనీదే. ఈ జంట లెక్క తిరగేసింది. పాట ఉచితం, కావలసినవాళ్లు ఈమెయిలు చిరునామా ఇచ్చి దింపుకోవచ్చు. ఎలాగూ జనం దొంగచాటుగా దింపుకుంటున్న కాలం, మనమే ఇచ్చేస్తే పోలా అన్న ఎత్తు. చిరునామా చేతికొచ్చాక కచేరీ ఎప్పుడో, టీషర్టు ఎంతో ఆ వినేవాడికి నేరుగా చెప్పొచ్చు. మధ్యలో ఎవరూ లేరు. ప్లాస్టిక్ రికార్డు కావాలనుకునే అభిమానికి దాన్ని మంచి ధరకు అమ్మొచ్చు. దీన్ని దానధర్మం అనుకుంటే పొరపాటు, నికరమైన వ్యాపార బుద్ధి ఇది. కాకపోతే అందులో వినేవాడి మీద గౌరవం కూడా ఉంది.

ఇంతకీ పాటలు ఎలా ఉంటాయి? బాణీలన్నీ ఎల్‌పీ చేతివి. సింథసైజర్లు అంబులెన్సులా కూస్తాయి, డ్రమ్ములు ఫ్యాక్టరీలో సుత్తి దెబ్బల్లా పడతాయి. మైక్ గొంతు చర్చి పాస్టరు గొంతు, లోతుగా, నిండుగా దిగుతుంది. ఎల్‌పీది వంకర పలుకు, నాలుకను మెలితిప్పి వేగంగా పరిగెత్తిస్తాడు. ఒకడి మాట ఇంకొకడు అందుకుంటాడు, ఒక్కోసారి వాక్యం మధ్యలోనే. బుర్రకథ విని పెరిగినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. అక్కడ రాజకీయ వంత ఒకరు, హాస్య వంత ఒకరు, కథ నడుస్తుండగానే లోకం మీద చురక పడుతుంది. ఇక్కడ ఆ రెండు వంతలూ ఇద్దరూ మార్చి మార్చి పడతారు.

2014 నాటి రెండో ఆల్బమ్‌లో "అర్లీ" అనే పాట ఉంది. మైక్ భాగంలో ఒక మనిషిని పోలీసు ఆపుతాడు. భార్య, పిల్లాడు చూస్తుండగా చేతులకు సంకెళ్లు వేస్తాడు. బతిమాలాడు, గౌరవంగానే మాట్లాడాడు, అయినా పరిస్థితి చెయ్యి దాటి తుపాకీ పేలుతుంది. తర్వాత ఎల్‌పీ వంతు. అతను ఆ కుటుంబం తరఫున మాట్లాడడు. అదే పేటలో ఇంకో వీధిలో నడుస్తున్న మనిషిగా పాడతాడు. ఎక్కడో టప్ మని చప్పుడు వినిపించింది, ఏదో జరిగినట్టుంది అనుకుని ఇంటికి పోతాడు. ఒకే సంఘటన, ఒకరికి ప్రాణం పోయినంత పని, ఇంకొకరికి దూరపు చప్పుడు. నల్లవాడు ఒక వైపు, తెల్లవాడు ఒక వైపు నిలబడి చెప్పడంతో పాటకు వచ్చిన బలం ఉపన్యాసాలకు రాదు. ఈ ఇద్దరూ జంటగా ఎందుకు ఉండాలో ఈ ఒక్క పాట చాలు చెప్పడానికి.

అదే ఆల్బమ్‌లో "క్రౌన్" అనే పాటలో మైక్ తన మీదే కత్తి తిప్పుకుంటాడు. కుర్రతనంలో ఒక గర్భిణికి కొకెయిన్ అమ్మిన పాపాన్ని తలచుకుంటాడు. గొప్పలు చెప్పుకోవడం ఆనవాయితీ అయిన సంగీతంలో అలాంటి పాట పాడాలంటే నడివయసు రావాలేమో.

మరో పాటకు రేజ్ అగైన్‌స్ట్ ది మెషీన్ గాయకుడు జాక్ డి లా రోచా గొంతు కలిపాడు. దాని వీడియో చూడదగ్గది. ఒక తెల్ల పోలీసు, ఒక నల్ల యువకుడు నడిరోడ్డు మీద పెనుగులాడుతుంటారు. కొట్టుకోవడం కూడా చేతకానంతగా అలిసిపోయారు, అయినా వదలరు. ఒకరి మీద ఒకరు వాలుతారు, లేస్తారు, మళ్లీ పట్టుకుంటారు. గెలుపు ఎవరికీ రాదు. ఆ యువకుడి పాత్ర వేసిన లకీత్ స్టాన్‌ఫీల్డ్ తర్వాతి ఏళ్లలో హాలీవుడ్‌లో పెద్ద నటుడయ్యాడు.

ఈ రెండో ఆల్బమ్ విడుదల 2014 అక్టోబరు 28న అని చెప్పి, 24నే వదిలేశారు. మళ్లీ ఉచితమే. ఈ అలవాటును గమనిస్తూ ఉండండి.

నవంబరు 24 రాత్రి వాళ్ల కచేరీ సెయింట్ లూయిస్‌లో. దాని పక్కనే ఫెర్గూసన్. ఆ ఆగస్టులో పద్దెనిమిదేళ్ల మైకేల్ బ్రౌన్‌ను ఒక పోలీసు అధికారి కాల్చి చంపింది అక్కడే. ఆ అధికారి మీద కేసు పెట్టనక్కర్లేదని గ్రాండ్ జ్యూరీ చెప్పింది సరిగ్గా ఆ రాత్రే. మామూలుగా ఈ జంట క్వీన్ బృందం పాడిన విజయగీతం వినిపిస్తుండగా నవ్వుతూ స్టేజీ ఎక్కుతుంది. ఆ రాత్రి పాట మొదలుపెట్టకముందే మైక్ మాట్లాడాడు. తాను ఇద్దరు మగపిల్లల తండ్రినని, వాళ్ల గురించి భయపడుతున్నానని చెబుతూ గొంతు పూడుకుపోయి కన్నీళ్లు పెట్టుకున్నాడు. అప్పటికి అతన్ని ఎరగని జనం కూడా ఆ వీడియో చూశారు. టీవీ చానళ్లు చర్చలకు పిలిచాయి, పత్రికలు వ్యాసాలు రాయమన్నాయి. ర్యాప్ గాయకుడు ఒక రకంగా ప్రజావక్త అయ్యాడు.

2015 చివర్లో అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న బెర్నీ శాండర్స్ అట్లాంటాకు వస్తే, మైక్ అతన్ని తన మంగలి షాపులో కూర్చోబెట్టి తీరిగ్గా ఇంటర్వ్యూ చేశాడు. వైద్యం, ఓటు హక్కు, జైళ్ల గురించి ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. స్టూడియో దీపాలు, ముఖానికి రంగు ఏమీ లేవు. 2017లో ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో ఈ జంటను జనానికి పరిచయం చేస్తూ స్టేజీ ఎక్కినవాడు లేబర్ పార్టీ నాయకుడు జెరెమీ కార్బిన్. బూతులు దండిగా ఉండే పాటల బృందానికి ప్రతిపక్ష నాయకుడు స్వాగతం చెప్పడం బ్రిటన్‌లోనూ రోజూ జరిగే పని కాదు.

మూడో ఆల్బమ్ 2017 జనవరి 13న వస్తుందన్నారు. 2016 క్రిస్మస్ ముందు రోజు రాత్రే ఇంటింటికీ కానుకగా పంపేశారు. ఈసారి లేబుల్ కూడా సొంతం. అట్ట మీద ఆ రెండు చేతులూ బంగారంగా మారాయి, గొలుసు మాయమైంది. ఇందులో "థర్స్‌డే ఇన్ ది డేంజర్ రూమ్" పాటలో ఎల్‌పీ జబ్బుతో పోయిన స్నేహితుణ్ణి, మైక్ హత్యకు గురైన స్నేహితుణ్ణి తలచుకుంటారు. కమాసీ వాషింగ్టన్ శాక్సోఫోన్ వెనక నుంచి సన్నగా తోడొస్తుంది. మొదటిసారి వినేవాళ్లకు ఇది వీళ్ల పాటేనా అనిపిస్తుంది.

అన్నీ ఒప్పులే అని చెబితే అబద్ధమవుతుంది. 2018 మార్చిలో అమెరికా తుపాకీ యజమానుల సంఘం ఎన్‌ఆర్‌ఏ నడిపే చానల్‌కు మైక్ ఇచ్చిన ఇంటర్వ్యూ బయటికి వచ్చింది. నల్లవారికి ఆత్మరక్షణ కోసం తుపాకీ హక్కు ఉండాలన్నది అతని వాదన, అది అతను ఎప్పటినుంచో చెబుతున్నదే. కానీ చానల్ దాన్ని ప్రసారం చేసింది తుపాకుల హింసకు వ్యతిరేకంగా లక్షల మంది విద్యార్థులు ఊరేగింపు తీసిన రోజుల్లో. పిల్లల మీద బురద చల్లడానికి మైక్ మాటలు ఆయుధమయ్యాయి. తాను ముందే ఇచ్చిన ఇంటర్వ్యూను ఇలా వాడుకున్నారని చెప్పి అతను విద్యార్థులకు క్షమాపణ చెప్పాడు. మాట తనదే, తారీఖు ఎదుటివాడిది. ఈ జంట పాటల విషయంలో ఎన్నడూ జరగనివ్వని పొరపాటు తన మాట విషయంలో జరగనిచ్చాడు.

ఇక 2020. నాలుగో ఆల్బమ్ జూన్ 5కు సిద్ధంగా ఉంది. కరోనా వల్ల కచేరీలన్నీ రద్దు, అంటే వీళ్ల ప్రధాన ఆదాయం సున్నా. మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాడు. నగరాలు భగ్గుమన్నాయి. 29న అట్లాంటా మేయర్ పక్కన నిలబడి మైక్ మాట్లాడాడు. తాను పోలీసు కొడుకునని గుర్తుచేశాడు, తనకు కోపం వచ్చిందని దాచలేదు, కానీ మన ఇళ్లు మనం తగలబెట్టుకోవద్దని బతిమాలాడు. ఆ ప్రసంగం దేశమంతా విన్నది. అతన్ని మెచ్చుకున్నవాళ్లు ఎంత మందో, వీధిలో ఉన్న కుర్రాళ్లను ఇంటికి పొమ్మంటున్నాడని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. రెండు పక్షాలకూ కారణాలున్నాయి.

జూన్ 3న, రెండు రోజులు ముందే, ఆల్బమ్ వదిలేశారు. ఉచితం. ఇవ్వగలిగితే నిరసనకారుల తరఫున వాదించే నేషనల్ లాయర్స్ గిల్డ్ నిధికి చందా ఇవ్వండన్నారు. "వాకింగ్ ఇన్ ద స్నో" పాటలో మైక్ భాగం విన్నవాళ్లు అది ఫ్లాయిడ్ కోసం ఆ వారమే రాసిందనుకున్నారు. నిజానికి అది 2019లోనే రికార్డు చేసింది. ఊపిరాడడం లేదని వేడుకుంటూ చనిపోయిన మనిషి అంటే అప్పటికి అతని మనసులో ఉన్నది 2014 నాటి ఎరిక్ గార్నర్. ఆరేళ్ల కిందటి చావు గురించి కట్టిన పాట నిన్నటి చావుకు అక్షరం మార్చకుండా సరిపోయింది. కవి ముందుచూపు అని మెచ్చుకోవాల్సిన విషయం కాదు ఇది, ఆ దేశంలో ఏమీ మారలేదనడానికి లెక్క.

విశేషం ఏమిటంటే, ఉచితంగా దొరుకుతున్న ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్ ప్రధాన పట్టికలో పదో స్థానంలో అడుగుపెట్టింది. మొదటి పదిలోకి రావడం వాళ్లకు అదే తొలిసారి.

ఇక్కడ ఒక పేచీ ఉంది. నాలుగో ఆల్బమ్ వెనక బీఎమ్‌జీ ఉంది, అది అంతర్జాతీయ సంస్థ. మొదటి ఆల్బమ్ ఫూల్స్ గోల్డ్ లేబుల్, రెండోది మాస్ అపీల్ లేబుల్. సొంత లేబుల్ మీద వచ్చింది మూడోదే. మరి వీళ్లను స్వతంత్రులు అనొచ్చా అని పట్టుబట్టేవాళ్లున్నారు. ఈ ప్రసంగకర్త ఉద్దేశంలో నిక్షేపంగా అనొచ్చు. కంపెనీతో చెయ్యి కలపకపోవడమే స్వాతంత్ర్యం అనుకుంటే కంపెనీ ఫ్లో రోజుల్లోనే ఆ మాట మర్డోక్ డబ్బు దగ్గర వీగిపోయింది. చూడాల్సింది ఒప్పందంలో ఏం రాసుకున్నారన్నది. ఏ కంపెనీతో ఉన్నా నాలుగుసార్లూ పాట ఉచితంగానే ఇచ్చారు, మూడుసార్లు చెప్పిన తారీఖు కంటే ముందే ఇచ్చారు. బీరువాలో ఇరుక్కుపోయిన ఆల్బమ్‌ను చూసినవాడు ఒకడు, లేబుల్ లెక్కల్లో మునిగి తేలినవాడు ఇంకొకడు. ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో వాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 2022లో రేజ్ అగైన్‌స్ట్ ది మెషీన్ పర్యటనలో ముందు పాడే బృందంగా పెద్ద పెద్ద అరీనాలు తిరిగారు. 2023లో జంటకు పదేళ్లు నిండిన సందర్భంగా నాలుగు నగరాల్లో నాలుగేసి రాత్రులు, రాత్రికో ఆల్బమ్ చొప్పున పాడారు. అదే ఏడు మైక్ తన పేరుతోనే "మైకేల్" అనే సొంత ఆల్బమ్ చేశాడు. 2024 ఫిబ్రవరి 4న దానికి ఒకే మధ్యాహ్నం మూడు గ్రామీలు వచ్చాయి. ఆ కాసేపటికే, అదే ఆవరణలో, ఒక భద్రతా ఉద్యోగితో జరిగిన తోపులాట విషయమై పోలీసులు అతనికి సంకెళ్లు వేసి తీసుకెళ్లారు. తర్వాత ఆ కేసు ముందుకు సాగలేదు. మొదటి గ్రామీకీ ఈ మూడింటికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి.

మన దగ్గర పాట అంటే ఎక్కువగా సినిమా పాటే. ర్యాప్ కూడా చాలా మందికి సినిమా పాట మధ్యలో వచ్చే నాలుగు చరణాలుగానే తెలుసు. ఆ పాట ఎప్పుడు విడుదలవ్వాలో నిర్మాత, ఆడియో కంపెనీ, హీరోగారి పుట్టినరోజు కలిసి తేలుస్తాయి. రాసినవాడికీ పాడినవాడికీ ఆ లెక్కలో చోటు తక్కువ. హైదరాబాద్‌లోనో విశాఖలోనో సొంతంగా పాట కట్టుకుని యూట్యూబ్‌లో పెట్టుకుంటున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ జంట ఒప్పందాల కథను వాళ్ల పాటలకంటే శ్రద్ధగా చదవాలి. కాగితం మీద సంతకం పెట్టే ముందు విడుదల తారీఖు ఎవరు నిర్ణయిస్తారో, పాట వేయకపోతే హక్కు ఎన్నాళ్లకు తిరిగొస్తుందో ఆ రెండు వాక్యాలు వెతుక్కోవాలి.

ఈ జంటను కొత్తగా వినాలనుకునేవాళ్లు రెండో ఆల్బమ్‌తో మొదలుపెట్టండి, తర్వాత నాలుగోది వినండి, పిల్లి అరుపులది ఆఖరున పెట్టుకోండి. భాష మాత్రం చాలా మోటు. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే వినండి.